బల్లగుడ్డ పెళ్లికూతురు

సాల్మియా, కువైట్
8 మార్చి 2013, శుక్రవారం

అత్తకు సలాం.

నాకు పెళ్లయిపోయిందని మీరంతా తేల్చుకున్నాక నాకు కబురు చేశారు. సంతోషం. పెళ్లికొడుకు పేరు కూడా మీరే తేల్చి పంపితే నాకు వెతుక్కునే శ్రమ తప్పుతుంది.

ఐదుసార్లు ఫోన్ చేశాను. నాలుగుసార్లు కట్ చేశావు. ఐదోసారి నీ కోడలు హసన్‌బీ వదిన ఎత్తింది. ఎత్తి స్పీకర్ పెట్టింది. వెనక నుంచి ఎవరో "అరబ్బోడా, మన దేశపోడా?" అని అడగడం నాకు స్పష్టంగా వినపడింది. అందుకే జాబు రాస్తున్నాను. జాబుకు స్పీకర్ ఉండదు. మునీంద్ర అన్న రేపు విమానం ఎక్కుతున్నాడు. కవరు నీ చేతికి తప్ప ఇంకెవరికీ ఇవ్వొద్దని ఒట్టు వేయించుకున్నాను.

ఇప్పుడు ఆ ఫోటో సంగతి. నేను పనిచేసే స్టూడియో అబీర్ మేడమ్‌ది. మేము ఆడవాళ్ల పెళ్లి విందులకు మాత్రమే వెళతాం. ఇక్కడ మగవాళ్ల విందు ఒకచోట, ఆడవాళ్ల హాలు ఇంకోచోట అని నీకు తెలుసు. గుమ్మం దాటగానే అందరూ ఒంటినిండా కప్పుకునే అబాయాలు తీసేస్తారు. లోపల ఎవరి జుట్టు ఎంత పొడుగో, ఎవరి మెడలో ఎంత బంగారమో అప్పుడే తెలుస్తుంది. ఇప్పుడు ప్రతి చేతిలోనూ కెమెరా ఫోన్ ఉంది కదా, అందుకని గుమ్మం దగ్గరే ఫోన్లు తీసుకుంటాం. ఆ పని నాది. ఫోన్‌ను గుడ్డసంచిలో వేసి, నంబరు బిళ్ల కట్టి, జత బిళ్ల ఆమె చేతికిస్తాను. బీకాం చదివాను. దర్గా వాకిట్లో చెప్పులు కాసేవాళ్లకూ నాకూ బిళ్లల రంగే తేడా.

పెళ్లికూతురు రాకముందు లైట్లు సరిచూసుకోవాలి. ఆమె గౌను తెల్లన. లైటు కాస్త ఎక్కువైతే కుట్టుపనంతా మాయమై ఉత్త తెలుపు మిగులుతుంది. అందుకని ఎవరో ఒకరిని ఆమె కుర్చీలో కూర్చోబెట్టి, తెల్లగుడ్డ కప్పి చూస్తారు. ఆ రోజు నేను దొరికాను. కప్పింది హాలువాళ్ల బల్లగుడ్డ. చేతిలో ఉన్నది ముందురోజు పెళ్లి తాలూకు వాడిన పూలగుత్తి. నవ్వింది మాత్రం నేనే. సత్యదుర్గ నవ్వించింది. నా గదిలో ఉండే అమలాపురం పిల్ల, స్టూడియోలో జుట్లు అలంకరిస్తుంది. "ఒసేయ్, ఆగవే, నీకు మొగుణ్ణి కూడా ఇలాంటి గుడ్డలోనే చుట్టి తెస్తాను" అంది. నవ్వానా, తన ఫోన్‌లో టక్కున తీసింది. నన్ను అడక్కుండా నా పేరు తగిలించి ఫేస్‌బుక్‌లో పెట్టింది. మన బస్టాండు నెట్ సెంటర్ సిద్ధయ్య చూశాడు. మిగతాది మీ దయ.

అసలు రాయాల్సింది ఇది. ఏప్రిల్ ఆఖరుకు ఇక్కడ ఉండనిచ్చే నా ఇఖామా గడువు అయిపోతుంది. మేడమ్ ఇంకో రెండేళ్లకు చేయిస్తానంటోంది. ఈసారి గుమ్మం దగ్గర కాదు, కెమెరా పట్టుకోవడానికి. ఇది మనకు తప్పా అని ఆమెనే అడిగాను. ఐదు పూటలా నమాజు తప్పని మనిషి. "బొమ్మ గీస్తే అది నేను చేసింది. కెమెరా అద్దం లాంటిది, దేవుడు చేసిన మొహాన్నే నిలిపి ఉంచుతుంది. తీసిన ఫోటోను ఎవరికి చూపిస్తావన్న దగ్గరే తప్పు మొదలవుతుంది" అంది. ఆమె తండ్రి మాత్రం ఇంట్లో గోడకు ఒక్క ఫోటో తగిలించనివ్వడట. ఒకే ఇంట్లో రెండు మాటలు, రెండూ నమాజు చదివేవాళ్లవే.

అమ్మ పోయాక నన్ను పెంచినదానివి. నీ మాట విన్నాకే సంతకం పెట్టాలని ఆగాను. నువ్వేమో ఫోన్ కట్ చేస్తున్నావు.

ఇంకా పెళ్లి కాని
గౌసియా

*

రాయచోటి
17 మార్చి 2013

అమ్మీ గౌసియాకు అత్త దువా.

జాబు అందింది. మునీంద్ర నా చేతికే ఇచ్చినాడు, హసన్‌బీ చెయ్యి చాపినా ఇయ్యల్యా. ఎగతాళి బాగా రాస్తావే. నిన్ను డిగ్రీ చదివించిన పుణ్యం అది.

బల్లగుడ్డ అంటివి. నేను జహ్రాలో ఆ కువైటోళ్ల ఇంట్లో పన్నెండేండ్లు చాకిరీ చేసినా. బల్లగుడ్డలు ఉతికినా, ఇస్త్రీ చేసినా. ఒకనాడన్నా ఎవురూ నన్ను కుర్చీలో కూచోబెట్టి కప్పినోళ్లు లేరు. లైట్లకోసరం అంటే నమ్మేదానికి నేనేమన్నా నిన్న పుట్టినానా?

ఇక్కడ ఏం జరిగిందో నీకేం తెల్సు. సిద్ధయ్య రంగుల్లో పెద్ద కాయితం మింద తీసి నాకొకటి తెచ్చిచ్చినాడు. "పెద్దమ్మా, మిఠాయి యాడ?" అని పండ్లికిలిస్తాండాడు. ఇంకొకటి తీసి, ప్రింటు ఎంత బాగా వస్తాదో జనానికి తెలియాలని షాపు అద్దానికి అంటించినాడు. బస్సుకోసరం నిలబడినోళ్లందరూ నిన్నే చూస్తాండారు. కూరగాయల ఆమె నాకు ఒక గుమ్మడికాయ ఊరికే ఇచ్చింది. పెళ్లి కానుక అంట. వాపసు ఇయ్యబోతే తీసుకోల్యా.

పిల్లోళ్లకు ఖురాన్ చెప్పే బషీరా బీ కాడికి పోయినా. ఆమె ఏమనిందంటే, ప్రాణమున్న వాటి బొమ్మలు చేసేది మనకు లేదు, పాస్‌పోర్టుకు, ఆస్పత్రికి అంటే అవసరం, అది వేరే మాట. ఇంక ఆడమనిషి ఫోటో పరాయి మొగోళ్ల చేతుల్లో తిరిగితే ఆ పాపం తీసినోళ్లకూ పెట్టినోళ్లకూ ఇద్దరికీ అనింది. నువ్వు ఆ కెమెరా ఉద్యోగమే చేస్తానంటివని చెప్పేదానికి నాకు నోరు రాల్యా.

ఇంకొక మాట. అబద్ధం చెప్పేటప్పుడు ఎనకాల చూసుకోవల్ల. నీ కుర్చీ ఎనక అద్దంలో ఒకామె నిలబడి ఉండాది. ఆకుపచ్చ గుడ్డలు, జుట్టు ఇరబోసుకొని, మెడనిండా బంగారు. నీ దిక్కే చూసి నవ్వుతాండాది. కోడల్ని చూసి మురిసే చూపు మాదిరి. ఎవురే ఆమె, మీ అత్తగారా?

ఏప్రిల్‌కు ఇఖామా అయిపోతానే వచ్చెయ్. మొగుణ్ణి తెచ్చేది ఉంటే ముందు చెప్పు, ఇంటికి సున్నం కొట్టించల్ల.

అత్త బుడేన్‌బీ

*

సాల్మియా
24 మార్చి 2013

అత్తా,

నీ జాబు ఊరి నుంచి వచ్చిన వెంకటేశ్వరి తెచ్చి ఇచ్చిన ఐదు నిమిషాలకే ఇది రాస్తున్నాను. ఈ రాత్రి విమానానికి పోయేవాళ్లు దొరికారు.

అద్దంలో ఉన్నామె నా అత్తగారు కాదు. ఆ పెళ్లికూతురి తల్లి, జహ్రాలో ఉండే ఉమ్ అబ్దుల్లా. స్టేజీ ఎలా ఉందో చూద్దామని అందరికంటే ముందు వచ్చింది. ఆడవాళ్ల హాలే కదా అని అబాయా తీసేసింది. స్టేజీ వెనకంతా అద్దాలు. ఆ ఫోటోను నేను నలభైసార్లు చూసుకున్నాను అత్తా. నలభైసార్లూ నా మొహమే చూసుకున్నాను. ఆమె మొహం నువ్వు చూశావు.

సత్యదుర్గను బాత్రూమ్ తలుపు కొట్టి బయటికి లాగి ఫోన్ చూపించాను.

"ఏదీ? ఎక్కడే? ఆ ఆకుపచ్చదా? బాబోయ్! ఒసేయ్, ఈవిడ అప్పుడెప్పుడొచ్చిందే?"

"తీసెయ్ ముందు."

"ఆయ్, తీసేస్తన్నాను. యాభై మూడు లైకులే..."

"దుర్గా!"

"తీసేశాను, తీసేశాను. నన్ను చంపుకు తినకే. నేనేవైనా కావాలని పెట్టానా?"

కావాలని పెట్టలేదు. నిజమే. కానీ స్టూడియో వాళ్ల ఫోన్లు కూడా గుమ్మం దగ్గరే పెట్టాలి. తీసుకోవాల్సిన మనిషిని నేను. ఆ సమయానికి నేను బల్లగుడ్డ కప్పుకుని పళ్లికిలిస్తున్నాను. తప్పులో సగం నాది.

సిద్ధయ్యతో చెప్పు. అద్దం మీది ఫోటో ఇప్పుడే పీకెయ్యాలి. కంప్యూటర్లోది తీసెయ్యాలి. నీ దగ్గర ఉన్నది కాల్చెయ్. రాయచోటిలో ఇంటికొక మనిషి కువైట్‌లో ఉన్నాడు, సగంమంది జహ్రా ఇళ్లల్లో డ్రైవర్లు. ఉమ్ అబ్దుల్లా వాళ్ల డ్రైవర్ నాగేశ్వర మన లక్కిరెడ్డిపల్లె మనిషే. ఇప్పుడు సెలవు మీద ఊర్లోనే ఉన్నాడు. అతను బస్సెక్కేది సిద్ధయ్య షాపు ముందే.

ఇది బయటపడితే ఇఖామా సంగతి తర్వాత, స్టూడియోనే ఉండదు. కాబట్టి నేనే వెళ్లి ఉమ్ అబ్దుల్లాకు చెప్పాలనుకుంటున్నాను. నీకు ఇక్కడి ఇళ్లు తెలుసు. ఏం చెయ్యమంటావో రాయి.

గౌసియా

*

రాయచోటి
2 ఏప్రిల్ 2013

అమ్మీ,

ముందు నీ జాబు చూసి ఏమనుకుంటినో చెప్తా. కాల్చెయ్ అని రాస్తివి కదా. ఓహో, అత్తగారి మొహం తెలిసిపోయిందని సాక్ష్యం కాల్చమంటాండాదే అనుకుంటి. కాల్చే ముందు కడసారి చూద్దామని, మీ మామ బతికినప్పుడు కాయితాలు చదువుకునే భూతద్దం తీసి పెట్టి చూస్తి.

నీ మోకాళ్ల కాడ ఆ గుడ్డ అంచు మడిచి కుట్టి ఉండాది. మూల మింద ఎర్రదారంతో చిన్న నంబరు. బట్టలుతికే షాపుకు వేసేటప్పుడు హాలోళ్లు కుట్టే నంబరు అది. పన్నెండేండ్లు అట్లాంటి నంబర్లు చూసి చూసి కండ్లు పోయినాయి నాకు. ఏ పెళ్లికూతురి గౌనుకూ ఆ నంబరు ఉండదు. బల్లగుడ్డే. నమ్మినా. ఒక్కదాన్నే కూచొని ఎంతసేపు నవ్వినానో. హసన్‌బీ వచ్చి తలకు చెయ్యి పెట్టి చూసింది, జొరమొచ్చిందేమోనని.

నీ ఫోటో కాల్చబుద్ధి కాల్యా. ఆమె ఉండే దిక్కు కత్తెరతో కోసి పొయ్యిలో వేస్తి. నీ దిక్కు పెట్టెలో ఉండాది.

సిద్ధయ్య కాడికి పోతి. కంప్యూటర్లోది నా ముందరే తీసేసినాడు. అద్దం మీంది మాత్రం నేను పోయేలోపే లేదు. కువైట్ నుంచి సెలవులో వచ్చినోడెవరో చూసి, నిలబడి, ఏమీ చెప్పకుండా చించుకొని మడిచి జేబులో పెట్టుకొని పోయినాడంట. పేరు అడగల్యా ఈ తెలివైనోడు. నాకు అది బాగా అనిపించడం లేదు అమ్మీ. మంచోడైతే అక్కడే చించి పారెయ్యాల గదా, జేబులో ఎందుకు పెట్టుకున్యాడు?

బషీరా బీకి అంతా చెప్పినా. ఆమె ఇంకో తీరుగా మాట్లాడింది ఈసారి. ఇంకొకరి మరుగు కాపాడితే అల్లా మన మరుగు కాపాడ్తాడు, ఆ పిల్ల దాన్ని కాపాడాలని చూస్తాండాది, మంచి పిల్లే అనింది. అంటా అంటా దిండు కిందినుంచి ఒక ఫోటో తీసి చూపించింది. సౌదీలో ఉండే మనవడు. "ఇది నా బలహీనత, ఎవురికీ చెప్పొద్దు బుడేన్‌బీ" అనింది. నేను ఎవురికీ చెప్పల్యా. నీకు రాస్తాండానంతే.

నాదీ ఒకటి ఉండాది. నీకెప్పుడూ చెప్పల్యా. తొంభై ఆరులో ఒక శుక్రవారం, నేనూ, అక్కడే పనిచేసే మద్దమ్మా కలిసి కువైట్ సిటీలో స్టూడియోకు పోయి ఫోటో దిగితిమి. ఎనకాల గోడకు జలపాతం బొమ్మ. మద్దమ్మే నాకు అక్షరాలు నేర్పించింది, నా జాబులు నేనే రాసుకునేదానికి. నేనే కవరు రాసి ఆ ఫోటో మీ మామకు పంపితి. నెలకు తిరిగి వచ్చింది. నా మొహం మింద సిరాతో నల్లగా గీసి ఉండాది. జలపాతం అట్లే ఉండాది. మనలో మొహాలుండే బొమ్మలు ఉండకూడదు అని ఒక్క ముక్క రాసినాడు. పోయినోణ్ణి అనకూడదు గానీ, ఆయన ముందర ఎప్పుడూ ఉండే బీడీకట్టల మింది మొహానికి ఒక్కనాడన్నా సిరా పుయ్యల్యా. అది మతం మాటో, మొగుడి రోషమో నాకు ఇప్పటికీ తెల్దు. మళ్లా పదేండ్లు నేను ఫోటో దిగల్యా.

అందుకే చెప్తాండా. నువ్వు ఆమె కాడికి పోవద్దు. నోరు మూసుకొని ఉండు. వాళ్ల ఇండ్లల్లో ముందు చెప్పినోళ్లే దొంగలైతారు, నేను కండ్లారా చూసినా. ఒక శ్రీలంక పిల్ల తాను పగలగొట్టిన గాజు సామాను తానే చెప్పింది, సాయంత్రానికి విమానం ఎక్కించినారు. గడువు అయ్యేదాకా తల వంచుకొని పని చేసుకో. ఏప్రిల్ ఆఖరుకు వచ్చెయ్. కెమెరా వద్దు, ఏమీ వద్దు. గుమ్మడికాయ ఇచ్చినామెకు నేను జవాబు చెప్పుకుంటాలే.

అత్త

*

సాల్మియా
13 ఏప్రిల్ 2013, శనివారం

అత్తకు సలాం.

నువ్వు వద్దన్న పనే చేశాను. నీ జాబు చదివిన మరుసటి రోజే చేశాను. ఎవరో జేబులో పెట్టుకుపోయాడన్న మాట దగ్గర నా నిద్ర పోయింది. అతను డబ్బు అడగడానికి వస్తాడా, ఇంకెవరికైనా చూపిస్తాడా అని ఆలోచించేకొద్దీ, ఆమె మొహం తిరుగుతున్న సంగతి ఆమెకు తప్ప అందరికీ తెలుసన్నది నాకు తప్పనిపించింది.

మొదట అబీర్ మేడమ్‌కు చెప్పాను. "వెళ్లు. నేను వెంట వస్తే నేను పంపినట్టు ఉంటుంది" అంది. సత్యదుర్గ తనూ వస్తానని పట్టుబట్టింది. రెండు బస్సులు మారి జహ్రా వెళ్లాం. దారంతా అది గోదావరి జిల్లాలో ఉన్న దేవుళ్లందరికీ మొక్కుకుంది. "నీ తరఫున కూడా మొక్కేస్తున్నానే, ఫీలవ్వకు" అంది.

గేటు దగ్గర నాగేశ్వర కారు తుడుస్తున్నాడు. సెలవు నుంచి వచ్చేశాడు. నన్ను చూసి, "లోపలికి పో పాపా. మామా నీకోసరమే కాచుకొని ఉండాది" అన్నాడు, యజమానురాలిని ఇక్కడ పిలిచే పేరుతో. నాకోసం ఎందుకు?

ఉమ్ అబ్దుల్లా మజ్లిస్‌లో, వచ్చినవాళ్లను కూర్చోబెట్టే గదిలో ఉంది. నాకు వచ్చిన ముక్కల అరబ్బీలో మొత్తం చెప్పాను. బల్లగుడ్డ, అద్దం, ఫేస్‌బుక్, ఎన్ని లైకులు, రాయచోటి బస్టాండు, ఎవరో చించుకుపోయిన కాగితం. నా వంతు తప్పు ముందు చెప్పాను. నేను ఆగగానే సత్యదుర్గ అందుకుంది, అచ్చ కోనసీమ తెలుగులో. "తప్పయిపోయిందండి మామా, మా అమ్మ మీద ఒట్టండి, మిమ్మల్ని నేను చూడనే లేదండి, దీన్ని మాత్రం ఏవనకండి, ఇది మంచిదండి..." అంటూ ఆగకుండా.

"ఏమంటోంది?" అంది ఉమ్ అబ్దుల్లా.

"క్షమించమంటోంది."

"అంత పొడుగ్గానా?"

ఆమె లేచి లోపలికి వెళ్లి మడిచిన కాగితం ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. విప్పకుండానే తెలిసిపోయింది. సిద్ధయ్య రంగుల ప్రింటు. మూలల్లో జిగురు మరకలు కూడా ఉన్నాయి.

నాగేశ్వరే, అత్తా. బస్సు దిగి చూశాడట. అక్కడే చించి పడేస్తే ముక్కల్లో కూడా మొహం కనపడుతుందని లోపలికి మడిచి జేబులో పెట్టుకున్నాడట. సెలవు అయ్యేదాకా పెట్టెలో దాచి, వచ్చిన రోజే ఆమె చేతికిచ్చాడు. "నువ్వు చూశావా?" అని ఆమె అడిగిందట. "మీ ఇంటిది అని తెలిసేంతవరకే చూసినా మామా" అన్నాడట.

"వారం నుంచి ఎదురుచూస్తున్నాను" అంది నాతో. "ఎవరైనా వచ్చి చెబుతారా, నేనే పోలీసుల దగ్గరికి వెళ్లాలా అని. ఇవాళ్టిదాకా ఆగుదామనుకున్నాను. రేపు వెళ్లేదాన్ని."

నువ్వు చెప్పినట్టు తల వంచుకుని ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు నీకే తెలుసు.

తర్వాత ఆమె గట్టిగానే తిట్టింది. నేను విన్నాను. ఆమె అన్నదాంట్లో ఒక మాట రాస్తాను. "నీ మొహం ఎక్కడ పెట్టుకుంటావో నీ ఇష్టం, రేపు అల్లా ముందు దానికి నువ్వు జవాబు చెప్పుకుంటావు. నా మొహం నీ దగ్గర అమానత్, నమ్మి దాచమన్న సొత్తు. అమానత్‌ను అడక్కుండా ఎవరికీ ఇవ్వకూడదు." ఆ తర్వాత గహ్వా కాఫీ పోయించింది. "ఖలాస్" అంది, ఇక ఈ సంగతి ముగిసిందని. సత్యదుర్గకు ఖర్జూరాలు కూడా దొరికాయి. తిరుగు బస్సులో వాటిని తింటూ ఏడ్చింది, ఏడుస్తూ నాకూ పెట్టింది.

మేడమ్ దానికి రెండు నెలలు హాలు పని ఆపేసింది. స్టూడియోలోనే ఉంటుంది. అది న్యాయమే.

నీ సిరా ఫోటో సంగతి మూడుసార్లు చదివాను. ఏమైనా రాస్తే తిడతావని రాయడం లేదు. ఒకటి మాత్రం చెబుతాను. మామకు బొమ్మ తప్పే అయినా, సిరా గీసే ముందు అది నీ మొహం కాబట్టి నిన్నొక మాట అడగాల్సింది. సత్యదుర్గ కూడా నన్ను అడగలేదు, నేనూ ఉమ్ అబ్దుల్లాను అడగలేదు. బషీరా బీ తప్పంటుంది, అబీర్ మేడమ్ తప్పు కాదంటుంది, మేడమ్ తండ్రి గోడకు మేకే కొట్టనివ్వడు. వీళ్లలో ఎవరిది సరైనదో తేల్చే చదువు నాకు లేదు. చూపించేముందు అడగాలన్న మాటను మాత్రం వీళ్లలో ఎవరూ కాదనరు. నా పనికి నాకు ఆ మాట చాలు.

ఫేస్‌బుక్‌లో నా మొహం ఉన్నవన్నీ తీసేశాను. మళ్లీ పెట్టను. నిన్న ఇఖామా కాగితం మీద సంతకం చేశాను. వచ్చే గురువారం పెళ్లి నుంచి కెమెరా నాది. ఏప్రిల్‌లో నేను రావడం లేదు.

గౌసియా